మొదటి ట్రిప్పు నిద్ర

పద్నాలుగేళ్ళ మగపిల్లాణ్ణి తెల్లవారుజామున నాలుగున్నరకి నిద్ర లేపడమంటే ఏమిటో లేపినవాళ్ళకే తెలుస్తుంది. లేపని మహానుభావులు ఎన్ని కబుర్లయినా చెబుతారు. వ్యాను ఆయాకి కబుర్లు చెప్పే తీరిక లేదు, ఆవిడ కొడుకు పక్క దగ్గర నిలబడి అరుస్తుంది. "లే! లే లే లే లే!" అని అందుకుందంటే పక్క వాటాలో కొత్తగా కాపురానికొచ్చిన జంట లేస్తుంది, పై వాటాలో గుండె జబ్బు మాష్టారు లేస్తాడు, మెట్ల కింద పడుకునే కుక్క కూడా లేచి ఒళ్ళు విరుచుకుంటుంది. లేవాల్సినవాడు మాత్రం లేవడు.

దుప్పటి లాగేస్తే మోకాళ్ళు ముడుచుకుంటాడు. ఫ్యాను ఆపేస్తే చెమటలోనే పడుకుంటాడు. లైటు వేస్తే మోచెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. ఎత్తి కూర్చోబెడితే కూర్చునే నిద్రపోతాడు. ఒకరోజు బాత్రూములోంచి ఎంతకీ చప్పుడు రావడం లేదని తలుపు తోసి చూస్తే, నోట్లో బ్రష్షు నోట్లోనే ఉంది, వాడు గోడకి ఆనుకుని గుర్రు పెడుతున్నాడు. ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది.

"ఒరేయ్, మీసాలొస్తున్నాయిరా నీకు! ఇంకా చంటిపిల్లాడిలా ఈ మొద్దునిద్రేంట్రా? రాత్రి పడుకోమంటే పడుకోవు, పొద్దున లేవమంటే లేవవు. నీతో వేగలేక చస్తున్నాను!"

ఆవిడ లెక్క ఆవిడకుంది. పురిటిబిడ్డ రోజంతా పడుకుంటుంది. మూడేళ్ళ పిల్ల కాస్త తక్కువ పడుకుంటుంది. ముసలాళ్ళకైతే అసలు కంటి మీద కునుకే ఉండదు. అంటే మనిషి పెరిగేకొద్దీ నిద్ర తరగాలన్నమాట. ఈ లెక్కన పద్నాలుగేళ్ళవాడికి ఐదు గంటలు ఎక్కువే. ఆమాటకొస్తే తనకి నాలుగున్నర గంటలు సరిపోవడం లేదూ? మధ్యాహ్నం ఖాళీ వ్యానులో వెనక సీటు మీద గంటన్నర ఒళ్ళెరక్కుండా పడి ఉంటుందని ఎవరైనా గుర్తు చేస్తే, "అది నిద్రా? కాస్త నడుం వాల్చడం" అంటుంది.

ఆవిడకి నలభై ఆరేళ్ళు. ఒక ప్రైవేటు స్కూలు వ్యానులో పన్నెండేళ్ళుగా ఆయా. పిల్లల్ని గుమ్మం దగ్గర అందుకోవడం, మెట్టెక్కించడం, సంచులు సర్దడం, కడుపులో తిప్పేవాళ్ళకి కవరు అందివ్వడం, తలుపు గొళ్ళెం పెట్టి "పోనీ అన్నా" అని డ్రైవరుకి చెప్పడం ఆవిడ పని. కానీ ఈ పనులన్నీ తరవాత. అసలు పని గుమ్మంలోంచి 'లే లే' అని అరిచి పిల్లల్ని లేపడం. పిల్లలందరూ ఆవిణ్ణి లేలే అత్త అంటారు. వాళ్ళ అమ్మానాన్నలూ అదే అంటారు. చివరికి డ్రైవరు కూడా, ఎదురుగా చెల్లెమ్మా అని పిలిచినా, చాటుగా అదే అంటాడు.

వ్యాను రోజూ పొద్దున రెండు ట్రిప్పులు తిరుగుతుంది. మొదటి ట్రిప్పు ఐదున్నరకి బయల్దేరుతుంది. అందులో ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఇరవై ఎనిమిది మంది. ఆరూ ముప్పావుకి వాళ్ళకి స్పెషల్ క్లాసు. రెండో ట్రిప్పు ఏడున్నరకి. అందులో నర్సరీ నుంచి రెండో తరగతి దాకా బుడతలు ముప్ఫై ఇద్దరు. మధ్య తరగతులవాళ్ళకి వేరే వ్యాను ఉంది. స్కూలు పుట్టినప్పటి నుంచీ ఇదే పద్ధతి. పెద్దవాళ్ళు ముందు లేవాలి, చిన్నవాళ్ళు పాపం పడుకోవాలి. ఇందులో ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

మొదటి ట్రిప్పు ఎక్కేవాళ్ళని చూస్తే ఆవిడకి ఒళ్ళు మండేది. ఒకడు కుడి బూటు ఎడమ కాలికి వేసుకుని వచ్చేవాడు. ఒక పిల్ల జడ ఒకటి వేసుకుని రెండోది వదిలేసి వచ్చేది. ఎక్కీ ఎక్కగానే కిటికీలకి తలలు ఆనించి అందరూ పడిపోయేవాళ్ళు. స్పీడు బ్రేకరు వస్తే ఇరవై ఎనిమిది తలలూ ఒక్కసారి ఎగిరి మళ్ళీ కిటికీలకి తగిలేవి. ఒక్కరికీ మెలకువ వచ్చేది కాదు.

"చూశావా అన్నా, ఎలా చచ్చిపడ్డారో! వీళ్ళా రేపు ఊళ్ళేలేది?" అనేది డ్రైవరుతో.

రెండో ట్రిప్పు పిల్లలు బంగారుకొండలు. వ్యాను సందు తిరగకముందే గేటు పట్టుకుని ఊగుతూ ఉండేవాళ్ళు. పాటలు, కేకలు, నువ్వు నా సీటులో కూర్చున్నావంటే నువ్వు నా సీటులో కూర్చున్నావని తగువులు. నర్సరీలో ఒక పిల్లకి పిచ్చుక అని పేరు పెట్టారు. నోరు మూతపడదు దానికి. ఆ పిల్ల తల్లి మందుల షాపులో పనిచేస్తుంది, మనిషి ఎప్పుడూ నీరసంగా ఉంటుంది.

"ఐదింటికే లేచి కూర్చుంటుందక్కా, నా కనురెప్పలు వేళ్ళతో తెరుస్తుంది. ఏడున్నరదాకా దీన్ని పట్టలేక నా పనయిపోతోంది. కాస్త ముందు రాకూడదూ?" అనేది రోజూ.

"బుద్ధిమంతురాలమ్మా, వృద్ధిలోకొస్తుంది" అని లేలే అత్త పిచ్చుక బుగ్గ నిమిరేది. ఆ బుద్ధిమంతులే మధ్యాహ్నం పన్నెండున్నరకి ఇళ్ళకి తిరిగి వెళ్ళేటప్పుడు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నిద్రపోయేవాళ్ళు. వాళ్ళని భుజాన వేసుకుని, తల వాలకుండా చెయ్యి అడ్డం పెట్టి, ఇల్లిల్లూ తిరిగి అప్పగించేది. వాళ్ళు పడుకుంటే పాపం, పెద్దవాళ్ళు పడుకుంటే పాపిష్ఠితనం. వ్యాను ఎక్కే తీరు చూసి పిల్లల జాతకం చెప్పేసే విద్య ఆవిడకి పన్నెండేళ్ళలో అలా అబ్బింది. ఆ జాతకం ప్రకారం అందరికంటే ముందు చెడిపోయేది తన కొడుకే. అదే ఆవిడ మంట.

వాడు అదే స్కూల్లో తొమ్మిదో తరగతి. స్టాఫు పిల్లలకిచ్చే ఫీజు లేని సీటు. ఆ సీటు కోసమే ఆవిడ పన్నెండేళ్ళ క్రితం ఆ వ్యాను ఎక్కింది. వాళ్ళ వీధి చివర సర్కారు బడి ఉంది. ఎనిమిది నిమిషాల నడక, తొమ్మిదిన్నరకి గంట కొడతారు. కానీ ఆవిడ అందులోనే ఐదు చదివి మానేసింది, ఆ బడి పేరెత్తితే మొహం తిప్పుకునేది. తన కొడుకు టై కట్టుకోవాలి, ల్యాబులో గాజు సీసాలు పట్టుకోవాలి, తనలాగా వ్యాను తలుపు పట్టుకుని వేలాడకూడదు. ఆవిడకి బతుకులో ఉన్న కోరిక అదొక్కటే.

ఆ కోరికకే ఎసరు వచ్చింది. ఒకరోజు మేనేజరు ఆఫీసు గదిలోకి పిలిచాడు. ఈ మేనేజరుకి ప్రతిదానికీ నోటీసు అంటించే జబ్బు. కుళాయి దగ్గర నోటీసు, మెట్ల దగ్గర నోటీసు, 'ఇక్కడ నోటీసులు అంటించరాదు' అని ఒక నోటీసు. పిల్లలు ఆయన్ని నోటీసు సారు అంటారు.

"మీవాడు లెక్కల క్లాసులో మళ్ళీ పడుకున్నాడమ్మా. గురక కూడా పెట్టాడట. ఇది ఐదోసారి."

"భయం చెప్తాను సార్."

"నువ్వు భయం చెప్పడం, వాడు పడుకోవడం జరుగుతూనే ఉన్నాయి. స్టాఫు సీటు కోసం ఎంతమంది నా చుట్టూ తిరుగుతున్నారో తెలుసా? ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే టీసీ చేతిలో పెట్టి పంపించేస్తాను. మళ్ళీ చెప్పలేదనకు."

ఇంటికొచ్చి ఆవిడ చెయ్యని ప్రయత్నం లేదు. రాత్రి ఎనిమిదిన్నరకే లైట్లన్నీ ఆర్పేసి వాణ్ణి పడుకోబెట్టింది. వాడికి ఫోను లేదు, తన ఫోను బీరువాలో పెట్టి తాళం వేసింది. వాడు కళ్ళు తెరుచుకుని ఫ్యాను వంక చూస్తూ పడుకున్నాడు. తొమ్మిదయింది, పదయింది. అటు దొర్లాడు, ఇటు దొర్లాడు.

"నిద్ర రావట్లేదమ్మా."

"రాకపోతే పిలు, వస్తుంది! కళ్ళు మూసుకోకుండా ఎలా వస్తుందిరా?"

"మూసుకున్నా రావట్లేదు."

వాడికి కన్నంటుకునేసరికి పదకొండున్నర. నాలుగున్నరకి మళ్ళీ యుద్ధం. చన్నీళ్ళు చల్లింది, బతిమాలింది, ఏడ్చింది, తిట్టింది. గోడౌనులో రాత్రి డ్యూటీ చేసి అప్పుడే ఇంటికొచ్చిన మొగుడు, "వాణ్ణి కాసేపు వదిలెయ్యవే" అంటే, "ఆ, మీరలా అనబట్టే వీడిలా తయారయ్యాడు!" అని ఆయన మీదకి వెళ్ళింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ ఇంట్లో సుఖంగా నిద్రపోయేది ఆయనొక్కడే అని ఆవిడకి ఆయన మీద కూడా కోపమే.

ఇలా ఉండగా స్కూల్లో మేడ మీద నీళ్ళ ట్యాంకు పగిలింది. నాలుగు గదుల్లోకి నీళ్ళు దిగాయి. మరమ్మతుకని పది రోజులు స్కూలు మూసేసి నోటీసు అంటించారు. వేసవి సెలవుల్లో కూడా స్పెషల్ క్లాసులకని వ్యాను తిరిగేది కాబట్టి, లేలే అత్తకి పన్నెండేళ్ళలో మొదటిసారి వరసగా ఇన్నాళ్ళు లేపడానికి ఎవరూ లేకుండా పోయారు. నా కోడి కూయకపోతే తెల్లారదనుకుందట వెనకటికి ఒక ముసలమ్మ. ఈవిడ లేపకపోయినా లోకం బాగానే తెల్లారింది.

కొడుకు మొదటి మూడు రోజులూ తొమ్మిదింటిదాకా పడుకున్నాడు. ఆవిడ వంటగదిలో గిన్నెలు కావాలని గట్టిగా పెట్టింది. లాభం లేదు. నాలుగో రోజు ఎనిమిదిన్నరకి లేచాడు. ఆరో రోజు ఏడున్నరకి, ఎవరూ పిలవకుండానే, దుప్పటి మడతపెట్టుకుని బయటికొచ్చాడు. వచ్చినవాడు ఊరికే కూర్చోలేదు. ఏడాదిగా కారుతున్న వంటగది కుళాయికి వాషరు మార్చాడు. తండ్రితో ఏదో జోకు వేశాడు, ఆయన పడీ పడీ నవ్వాడు. తల్లి వెనకాలే తిరిగి, వ్యాను ఇంజను ఎలా పనిచేస్తుందో చేతులు ఊపుతూ చెప్పాడు. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ వాడి మొహంలోకి చూసింది. వీడికి ఇన్ని మాటలొచ్చా అనుకుంది. చిన్నప్పుడు వచ్చేవి. రెండేళ్ళుగా వీడి నోటినుంచి 'ఊ', 'ఆ' తప్ప ఏమీ వినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

పదకొండో రోజు స్కూలు తెరిచారు. మూడు రోజులు తిరిగేసరికి వాడు మళ్ళీ కర్రదుంగ అయిపోయాడు. ఈసారి ఆవిడ తిట్టింది గానీ, తిట్టులో ముందున్న నమ్మకం లేదు.

అదే వారం పిల్లల్ని పరీక్ష చెయ్యడానికి ఒక డాక్టరమ్మ స్కూలుకొచ్చింది. హాల్లో బల్ల వేసుకుని కూర్చుని, గోడకి ఒక పెద్ద కాగితం అంటించమంది. అంటించమంటే నోటీసు సారు ఊరుకుంటాడా, స్వయంగా నిచ్చెనెక్కి అంటించాడు. పిల్లల్ని వరసలో నిలబెడుతూ లేలే అత్త ఆ కాగితం మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి పది నుంచి పదమూడు గంటల నిద్ర. ఆరు నుంచి పన్నెండేళ్ళవాళ్ళకి తొమ్మిది నుంచి పన్నెండు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళవాళ్ళకి ఎనిమిది నుంచి పది.

వరస అయిపోయాక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, పెద్దపిల్లలకి కూడా ఎనిమిది, పది గంటలా? అంత నిద్ర ఎందుకమ్మా వాళ్ళకి? పెరిగేశారు కదా."

"ఎక్కడ పెరిగేశారమ్మా? ఇప్పుడే కదా పెరుగుతున్నారు. ఏడాదిలో బెత్తెడు పొడుగైపోతారు కొందరు."

"మరి రాత్రి పెందలాడే పడుకుని చావరేం? ఎనిమిదిన్నరకి పడుకోబెట్టినా కళ్ళు మిటకరించి చూస్తాడు మావాడు. కావాలనే చేస్తాడమ్మా."

డాక్టరమ్మ నవ్వింది. "కావాలని కాదమ్మా. ఈ వయసులో ఒంట్లో గడియారం వెనక్కి జరుగుతుంది. పదిన్నర, పదకొండు దాకా నిద్ర రాదు. పొద్దున ఆలస్యంగా గానీ తెలివి రాదు. పసిపిల్లలకి దీనికి తలకిందులు. చీకటిపడితే తూగుతారు, తెల్లారకముందే లేస్తారు. మీవాడు ఎన్నింటికి లేస్తాడు?"

ఆవిడ పదకొండున్నర నుంచి నాలుగున్నర దాకా చీరకొంగు చాటున వేళ్ళు మడిచి చూసుకుంది. ఒక్క చెయ్యి సరిపోయింది. వీపు మీద ఎవరో ఫెళ్ళున చరిచినట్టయింది. పన్నెండేళ్ళుగా తెల్లవారకుండానే లేచినవాళ్ళని పొద్దెక్కేదాకా కూర్చోబెట్టి, నిద్ర చాలనివాళ్ళని నడినిద్రలో లాక్కొస్తున్నాం. చూడ్డానికి రెండు కళ్ళున్నాయి, రోజూ రెండు ట్రిప్పులూ చూశాను, నా బుద్ధి గడ్డి తిన్నదా అనుకుంది.

అనుకుని ఊరుకుంటే లేలే అత్త ఎందుకవుతుంది? సరాసరి ఆఫీసు గదికి వెళ్ళింది.

"సార్, ట్రిప్పులు తిరగెయ్యండి. బుడతల్ని ముందు తెస్తాం, పెద్దవాళ్ళని తరవాత తెస్తాం."

నోటీసు సారు కళ్ళజోడు తీశాడు. "ఏంటమ్మా?"

"చిన్నవాళ్ళు ఐదింటికే లేచి ఇల్లు పీకి పందిరేస్తున్నారు సార్. పెద్దవాళ్ళకి నిద్ర చాలట్లేదు. మీరే అంటించారు కదా గోడకి."

"అది ఆరోగ్యం సంగతి. ఇది స్కూలు సంగతి."

"స్పెషల్ క్లాసు సాయంత్రం పెట్టుకోండి సార్. నాలుగింటికి వాళ్ళకి భలే హుషారొస్తుంది, వ్యానులో నా చెవులు చిల్లులు పడతాయి."

"నర్సరీ పిల్లల్ని ఐదున్నరకి వ్యానెక్కిస్తే వాళ్ళ అమ్మలు నా పీక పట్టుకుంటారు."

"పీక పట్టుకోరు సార్, మీ కాళ్ళకి దణ్ణం పెడతారు! ఒక్కసారి అడిగి చూడండి."

"చూడమ్మా, పద్ధతి అని ఒకటి ఏడ్చింది. ముందు మీవాణ్ణి మేలుకోమని చెప్పు, ఆ తరవాత నాకు చెబుదువు గాని. వెళ్ళు."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. బయటికొచ్చి వ్యాను మెట్టు మీద కూర్చుంది. డ్రైవరు టైరుకి గాలి చూస్తున్నాడు.

"ఆయన వినడు చెల్లెమ్మా. పోనీలే, మనకెందుకు."

"మనకెందుకా? రోజూ ఇరవై ఎనిమిది మందిని పక్కలోంచి పీకి తెచ్చేది ఎవరన్నా? ఆయనా, మనమా?"

డ్రైవరు తల గోక్కున్నాడు. మంచివాడే, కానీ పిరికి. అయినా ఆయనకీ పదో తరగతి కూతురుంది.

మర్నాడు గురువారం. ఆ సాయంత్రం లేలే అత్త ఫోను ముందు పెట్టుకుని కూర్చుంది. అరవై ఇళ్ళకి ఫోన్లు చేసింది. "రేపు ఒక్కరోజు ట్రిప్పులు మారాయమ్మా." బుడతల తల్లుల్లో ఇద్దరు ముగ్గురు గొణిగారు, మిగతావాళ్ళకి పండగే. పిచ్చుక తల్లి ఫోనులోనే ఏడ్చినంత పని చేసింది. పెద్దపిల్లల ఇళ్ళల్లో ఎవరూ ఎందుకని కూడా అడగలేదు. ఒక తండ్రి మాత్రం, "ఈ మాట రాసివ్వగలవా అమ్మా, మావాడు నమ్మట్లేదు" అన్నాడు. నర్సరీ టీచరు స్కూలు వెనక సందులోనే ఉంటుంది, తొందరగా మొదలుపెట్టి తొందరగా ఇల్లు చేరడం ఆవిడకీ కావాల్సిందే. ఒక్క నోటీసు సారుకి మాత్రం ఎవరూ చెప్పలేదు. చెబితే జరగనిస్తాడా?

శుక్రవారం ఆరున్నరకి ముప్ఫై ఇద్దరు బుడతలు పాడుకుంటూ స్కూల్లో దిగారు. ఏడున్నరకి వ్యాను పెద్దవాళ్ళ కోసం బయల్దేరింది. ఆడపిల్లలు రెండు జడలతో, మగపిల్లలు ఏ కాలి బూటు ఆ కాలికే వేసుకుని వచ్చారు. వ్యానులో ఒకడు పజిలు అడిగాడు, పదిమంది గొంతులు ఒక్కసారి లేచాయి. కొడుకు చివరి సీట్లో కూర్చుని ఎవడితోనో పందెం వేస్తున్నాడు. లేలే అత్త తలుపు పట్టుకుని వెనక్కి తిరిగి నిలబడింది. ఆ గోలకి సంతోషంతో కళ్ళు తడయ్యాయి ఆవిడకి, ఎవరైనా చూస్తారని విసురుగా తుడుచుకుంది.

స్కూలు గేటు దగ్గర నోటీసు సారు నిలబడి ఉన్నాడు. పక్కన లెక్కల మాష్టారు. ఆరూ ముప్పావు నుంచి ఖాళీ బెంచీలకి పాఠం చెప్పడానికి నిలబడ్డ మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది ఆయన మొహం.

"ఎవరిని అడిగి చేశావ్?"

"మిమ్మల్ని అడిగాను సార్. మీరు వద్దన్నారు."

"వద్దంటే చేస్తావా?"

"ఒక్కసారి చూస్తే మీకే తెలుస్తుందని..."

"లోపలికి వెళ్ళండి అందరూ!" అని పిల్లల మీద అరిచాడు. ఆవిడతో ఇంక ఏమీ మాట్లాడలేదు. దానికే ఆవిడకి ఎక్కువ భయమేసింది.

ఆ రోజంతా ఆఫీసు ఫోను మోగుతూనే ఉందట. బుడతల తల్లులు ఒకరి తరవాత ఒకరు చేసి, చాలా మంచి పని చేశారు సార్, మీకెలా వచ్చింది సార్ ఇంత మంచి ఆలోచన అన్నారట. తొమ్మిదో తరగతి టీచరు వచ్చి, ఇవాళ మొదటి పీరియడులో ఒక్కడూ తూగలేదు సార్ అని చెప్పిందట. పొగడ్తకి పడనివాడు ఎవడుంటాడు? శనివారం పొద్దున గోడ మీద కొత్త నోటీసు వెలిసింది. విద్యార్థుల ఆరోగ్యాన్ని దృష్టిలో పెట్టుకుని యాజమాన్యం లోతుగా ఆలోచించి, సోమవారం నుంచి చిన్న తరగతులవారిని మొదటి ట్రిప్పులోనూ పెద్ద తరగతులవారిని రెండో ట్రిప్పులోనూ తీసుకురావాలని నిర్ణయించింది. స్పెషల్ క్లాసులు ఇక సాయంత్రం.

లేలే అత్త వేలు పెట్టి ఆ నోటీసు రెండుసార్లు చదివింది. యాజమాన్యం ఆలోచించిందట! పోనీ, ఎవరి పేరయితేనేం, పిల్లలు పడుకుంటారు, వాడి సీటు వాడికుంటుంది. థ్యాంక్స్ చెబుదామని ఆఫీసు గదికి వెళ్ళింది. ఆయన సొరుగులోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీవాడి టీసీ. సోమవారం నుంచి పంపించకు."

ఆవిడకి ముందు అర్థం కాలేదు. "వాడు నిన్న పడుకోలేదు సార్. టీచరమ్మని అడగండి."

"పడుకున్నాడని నేననలేదు."

"మరెందుకు సార్? నోటీసు వేశారు కదా. నేను చెప్పిందే కదా అది!"

"నువ్వు చెప్పింది తప్పని ఎవరన్నారు? నాకు తెలియకుండా చేశావ్, అది తప్పు. ఇవాళ నిన్ను ఊరికే వదిలేస్తే రేపు ప్రతి ఆయా, ప్రతి డ్రైవరూ స్కూలు నడిపేస్తారు."

"తప్పు నాదైతే నన్ను తీసెయ్యండి. వాడేం చేశాడు?"

"నిన్ను తీసేస్తే పొద్దున ఐదున్నరకి ఎవరొస్తారమ్మా?" అన్నాడు, చాలా మామూలుగా.

బతిమాలింది. ఇంకెప్పుడూ చెయ్యనంది. బల్ల అంచు పట్టుకుని నిలబడి, అంతవరకూ ఎవరి ముందూ అనని మాటలన్నీ అంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం ఎప్పటినుంచో ఉన్నదే, దుత్త ఎంత ఏడిస్తే మాత్రం ఎవరు వింటారు? ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఇంకో నోటీసు రాసుకోవడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం కవరు తీసుకుని ఇంటికొచ్చింది. కొడుకు నేల మీద కూర్చుని పాత ఫ్యాను మోటారు విప్పుతున్నాడు. కవరు వాడి ముందు విసిరేసింది. ఆయన మీద కోపం, తన మీద కోపం, ఆ ట్యాంకు మీద, డాక్టరమ్మ మీద, అందరి మీదా ఉన్న కోపం వాడి మీద పడింది.

"అయిపోయింది, తృప్తిగా ఉందా? ఊళ్ళో పిల్లలంతా హాయిగా నిద్రపోతారంట, మనకి మాత్రం టీసీ! పద, సోమవారం నుంచి ఆ వీధి చివరి బడికే పో. పన్నెండేళ్ళు ఊరంతా తిరిగి చచ్చాను నీ చదువు కోసం."

వాడు కాగితం తీసి చదివాడు. మోటారు పక్కన పెట్టి, చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు.

"ఆ బడి తొమ్మిదిన్నరకే కదమ్మా?"

వాడి గొంతులో దాచుకోలేని సంతోషం. అది విని ఆవిడ ఉన్నచోటే కూలబడింది. చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఎనిమిది నిమిషాల నడక దూరంలో ఉన్నదాన్ని కాదనుకుని, వీణ్ణి ఇన్నేళ్ళు చీకట్లో ఈడ్చుకెళ్ళింది. అది వీడికి ఎంత కష్టంగా ఉండేదో ఈ ఒక్క ప్రశ్నతో తెలిసిపోయింది. దుఃఖం తన్నుకొచ్చింది, కానీ ఆవిడకి దుఃఖం కూడా కోపంగానే బయటికొస్తుంది.

"అంత కష్టంగా ఉంటే నోరు లేదట్రా నీకు? నా వల్ల కావట్లేదమ్మా, ఇంకాసేపు పడుకుంటానమ్మా అని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నాతో చెప్పి ఏడవచ్చు కదరా!"

వాడు తల్లి వంక ఆశ్చర్యంగా చూశాడు. వాడి మొహంలో కోపం లేదు, తప్పుపడుతున్నట్టు కూడా లేదు.

"రోజూ చెప్పానమ్మా. నువ్వు అరుస్తూ ఉంటావు కదా, వినపడి ఉండదు."